వాల్వు రేడియో పవర్ సప్లై: కాలింది ఒకటి, కాల్చింది మరొకటి

అటక మీద ముప్ఫై ఏళ్లుగా పడి ఉన్న వాల్వు రేడియోని దించి, దుమ్ము దులిపి, పలుకుతుందేమో చూద్దామని నేరుగా ప్లగ్గు పెట్టేస్తారు. చాలా రేడియోల ఆయువు తీరేది అక్కడే. అంతకాలం వోల్టేజి మొహం చూడని ఫిల్టర్ కండెన్సరు (డీసీలోని అలల్ని చదును చేసేది) మీద ఒక్కసారిగా 300 వోల్టులు పడేసరికి అది షార్టవుతుంది. ఆ షార్టు కరెంటంతా ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు గుండా, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగు గుండా రావాల్సిందే. కొద్ది రూపాయల కండెన్సరు పోతూ పోతూ, రీవైండింగు తప్ప వేరే దారి లేని ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా వెంటబెట్టుకు పోతుంది.

తెలిసో తెలియకో జరిగే రెండో తప్పు, పోయిన భాగం చోట ఇంకా 'గట్టిది' పెట్టడం. 50 మైక్రోఫారడ్ల చోట 220, వాల్వు చోట సిలికాన్ డయోడు, సన్నతీగ వైండింగు చోట లావుతీగ వైండింగు. ఈ మూడింట్లో ప్రతిదీ విడిగా చూస్తే మెరుగే. కానీ వాల్వు రేడియో పవర్ సప్లైలో ఒక భాగం బలహీనతని లెక్కలో పెట్టుకునే పక్క భాగాన్ని ఎంచారు. ఒకటి గట్టిపడితే ఆ భారం పక్కదాని మీద పడుతుంది.

ఉదాహరణకి 1950ల చివర, 60లలో మన ఇళ్లకు వచ్చిన అయిదు వాల్వుల ఏసీ సెట్టుని తీసుకుందాం. ఫిలిప్స్, మర్ఫీ, బుష్, ఏ పేరుతో వచ్చినా లోపలి అమరిక దాదాపు ఒకటే: ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈబీసీ81, ఈఎల్84, రెక్టిఫయర్‌గా ఈజెడ్80. స్పీకర్ని నడిపే అవుట్‌పుట్ వాల్వు ఈఎల్84 ఒక్కటే 250 వోల్టుల దగ్గర యానోడుకి (కరెంటు చేరే పలకకి) 48, స్క్రీనుకి (దాని ముందుండే జాలీకి) 5.5 మిల్లీఆంపియర్లు లాగుతుంది. మిగతా వాల్వులవి కలిపితే మొత్తం 70 నుంచి 80 మిల్లీఆంపియర్లు. ఈజెడ్80 ఇవ్వగలిగే గరిష్ఠం 90. అంటే కొత్తగా ఉన్న రోజుల్లో కూడా చేతిలో మిగిలేది పది, ఇరవై మిల్లీఆంపియర్లే. ఈ ఇరుకు గుర్తుంటే తరవాతి నిర్ణయాలన్నీ తేలికవుతాయి.

ప్లగ్గు పెట్టకముందు

మల్టీమీటరుతో మూడు కొలతలు చాలు. మెయిన్స్ ప్రైమరీ (ట్రాన్స్‌ఫార్మర్‌లో మెయిన్స్‌కి కలిసే వైండింగు) నిరోధం సాధారణంగా 30 నుంచి 60 ఓములు ఉంటుంది. హెచ్.టి. (వాల్వుల యానోడులకి కావలసిన ఎక్కువ వోల్టేజి) వైండింగులో మధ్య ట్యాపు (నడిమధ్య నుంచి బయటికి తీసిన వైరు) నుంచి ఒక్కో కొసకి 150 నుంచి 400 ఓములు, రెండు వైపులా కాస్త తేడాతో. రెండో సగం బయటి పొరల్లో చుట్టి ఉంటుంది కాబట్టి తీగ పొడవు ఎక్కువ, అందుకే ఆ చిన్న తేడా. అది లోపం కాదు. మూడోది రెక్టిఫయర్ క్యాథోడు (డీసీ బయటికొచ్చే కొస) నుంచి ఛాసిస్‌కి (సెట్టు లోహపు చట్రానికి), అంటే ఈజెడ్80 బేసులో 3వ పిన్ను నుంచి. మీటరు చూపే ఓములు మొదట కిందకి పడి నెమ్మదిగా పైకి పాకి 20 కిలోఓములు దాటి నిలవాలి. వంద, రెండొందల ఓముల దగ్గరే ఆగిపోతే కండెన్సరు షార్టు.

వోల్టేజి సెలెక్టరు ఉంటే దాన్ని కూడా చూడాలి. 200, 220, 245 అని గుర్తులున్న ప్లేటు మీద పాత యజమాని ఎక్కడ పెట్టి వదిలాడో తెలియదు. లైన్లో వోల్టేజి తక్కువగా ఉండే కాలంలో రేడియో గట్టిగా పలకాలని 200 మీదకి మార్చిన సెట్లు చాలా ఉంటాయి. ఇప్పుడు 240 వచ్చే ఇంట్లో అలాగే పెడితే వాల్వు క్యాథోడుని వేడిచేసే 6.3 వోల్టుల హీటరుకి ఏడున్నర వస్తుంది. హెచ్.టి. కూడా అదే నిష్పత్తిలో పైకెక్కుతుంది.

ఆ తరవాత సిరీస్ బల్బు. మెయిన్స్ వైర్లలో ఒకదానికి వరసలో 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టాలి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. వేడెక్కేకొద్దీ నిరోధం పెరగడమే ఇక్కడ బల్బు చేసే పని, ఎల్ఈడీకి ఆ గుణం లేదు. రెక్టిఫయర్ పీకేసి స్విచ్చి వేసినప్పుడు బల్బు మసకగా వెలగాలి. నిండుగా వెలిగితే షార్టు ఉన్నట్టే. అన్ని వాల్వులూ, డయల్ దీపాలూ పీకేసినా అలాగే వెలిగితే, సెకండరీ వైరింగులో షార్టు లేదని తేలాక, ట్రాన్స్‌ఫార్మర్ లోపలే చుట్లు కలిసిపోయాయని అర్థం.

ఫిల్టర్ కండెన్సర్లు

ఎలక్ట్రోలిటిక్ కండెన్సరులో ఇన్సులేషన్ అంటూ వేరే పొర ఉండదు. అల్యూమినియం రేకు మీద ఏర్పడిన అతి పల్చని ఆక్సైడు పూతే ఇన్సులేషను. వోల్టేజి ఉన్నంతకాలం ఆ పూత తనని తాను బాగుచేసుకుంటూ ఉంటుంది. ఏళ్ల తరబడి వోల్టేజి లేకపోతే పూత పాడై లీకేజీ పెరుగుతుంది. మరోపక్క రబ్బరు సీలు ఎండి, లోపలి ద్రవం ఆవిరైపోయి కెపాసిటీ తగ్గుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. లీకేజీ అయితే కండెన్సరు వేడెక్కి పేలుతుంది, ఎండిపోతే రేడియో గుయ్యిమంటుంది. లీకేజీకి మందు ఉందేమో గానీ ఎండిపోయినదానికి లేదు.

మోత ఎంత వస్తుందో లెక్క కట్టొచ్చు. ఏసీ అర్ధచక్రాలు రెండింటినీ వాడుకునే పూర్తి తరంగ రెక్టిఫయర్లో కండెన్సరు సెకనుకి 100 సార్లు నిండుతుంది. 75 మిల్లీఆంపియర్ల లోడుకి 50 మైక్రోఫారడ్ల మీద అలల ఎత్తు 0.075 ÷ (100 × 0.00005), అంటే గరిష్ఠంగా 15 వోల్టులు. తరవాత 1.2 కిలోఓముల రెసిస్టరు, ఇంకో 50 మైక్రోఫారడ్లు కలిసి దాన్ని సుమారు 38వ వంతుకి, 0.4 వోల్టులకి దించుతాయి. మొదటి కండెన్సరు ఎండిపోయి 10 మైక్రోఫారడ్లకి దిగితే అల దాదాపు అయిదింతలవుతుంది, సగటు హెచ్.టి. కూడా జారిపోతుంది.

ఈ సెట్లలో ఈఎల్84 యానోడు మాత్రం తరచుగా మొదటి కండెన్సరు నుంచే నేరుగా తీసుకుంటుంది. పెంటోడు (ఈఎల్84 లాంటి అయిదు ఎలక్ట్రోడుల వాల్వు) యానోడు కరెంటు యానోడు వోల్టేజి మీద పెద్దగా ఆధారపడదు కాబట్టి ఆ 15 వోల్టుల అల స్పీకర్లో అంతగా వినపడదు. స్క్రీనుకి మాత్రం శుభ్రమైన వోల్టేజి కావాలి, అది రెండో కండెన్సరు నుంచి వెళుతుంది. అందుకే వాల్యూమ్ సున్నాకి తిప్పినా మోత తగ్గకపోతే, దానితో పాటు స్వరం కూడా నీరసంగా ఉంటే మొదటిది అనుమానించాలి. మోతకి తోడు టపటపమని మోటారు పడవలా కొట్టుకుంటుంటే, ఈలలు వేస్తుంటే రెండోది. ఒక స్టేషన్ పట్టినప్పుడు మాత్రమే, ఉదాహరణకి విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద ముల్లు ఉన్నప్పుడే మోత వచ్చి, పక్కకి తిప్పగానే పోతే ఫిల్టర్ల తప్పు కాదు. మెయిన్స్ దగ్గరో, రెక్టిఫయర్ యానోడుల దగ్గరో ఉండే చిన్న బైపాస్ కండెన్సరు పోయిందన్నమాట.

మార్చేటప్పుడు 50 + 50 డబ్బా చోట 47 మైక్రోఫారడ్లు, 450 వోల్టులు, 105 డిగ్రీల రకం రెండు పెడితే సరి. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి చోట ఈ విలువ సులభంగానే దొరుకుతుంది. పాతది 32 మైక్రోఫారడ్లయితే 33 పెట్టాలి. మొదటిదాన్ని 50 దాటించకూడదు, ఈజెడ్80కి తయారీదారు పెట్టిన హద్దు అదే. కెపాసిటీ పెరిగేకొద్దీ కండెన్సరు ప్రతి అర్ధచక్రంలో ఇంకా తక్కువ సమయంలో, ఇంకా పెద్ద కరెంటుతో నిండుతుంది. సగటు మారకపోయినా శిఖరం పెరుగుతుంది. ఆ శిఖరాలు క్యాథోడు పూతని పెచ్చులుగా లేపుతాయి, వాల్వు లోపల నీలి మెరుపులు కనపడతాయి. రెండో కండెన్సరుకి ముందు రెసిస్టరు ఉంది కాబట్టి దాన్ని 100 చేసినా ప్రమాదం లేదు. మోత ఇంకా తగ్గించాలనుకుంటే పెంచాల్సింది దాన్నే. 5వై3 లాంటి పాత రెక్టిఫయర్లకి మొదటి కండెన్సరు హద్దు ఇంకా తక్కువ, 20 మైక్రోఫారడ్ల లోపే ఉంచాలి.

కొత్తదాన్ని పాతదానికి సమాంతరంగా అతికించడం మాత్రం మరమ్మతు కాదు. మోత ఆగుతుంది, లీకేజీ అలాగే ఉంటుంది. పాత డబ్బాని అందం కోసం ఛాసిస్ మీద ఉంచుకోవచ్చు, దాని పాజిటివ్ ట్యాగుల నుంచి వైర్లన్నీ విడదీయాలి. విడదీసే ముందు డబ్బా కింద చూడాలి. కొన్ని సెట్లలో డబ్బాకీ ఛాసిస్‌కీ మధ్య ఫైబర్ వాషరు ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య ట్యాపు నేరుగా ఛాసిస్‌కి వెళ్లకుండా చిన్న రెసిస్టరు గుండా వెళ్లి, ఆ రెసిస్టరు మీద పుట్టే నెగటివ్ వోల్టేజిని అవుట్‌పుట్ వాల్వుకి బయాస్‌గా (కరెంటుని అదుపులో ఉంచే గ్రిడ్డు వోల్టేజిగా) వాడే అమరిక అది. అక్కడ కొత్త కండెన్సరు నెగటివ్ కాలుని దగ్గర్లో ఉంది కదా అని ఛాసిస్‌కి టంకం పెడితే కండెన్సరు నింపే కరెంటు బయాస్ రెసిస్టరు గుండా పోతుంది. కొత్త కండెన్సర్లు పెట్టాక మోత ఎక్కువైంది అనే ఫిర్యాదుకి కారణం చాలాసార్లు ఇదే.

పాత కండెన్సరునే బతికించాలనుకునేవాళ్లు వేరియాక్ (తిప్పి వోల్టేజి మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్) మీద మెల్లగా వోల్టేజి పెంచుతారు. వాల్వు రెక్టిఫయర్ ఉన్న సెట్లో ఆ పద్ధతి సరిగా నడవదు. తక్కువ వోల్టేజిలో రెక్టిఫయర్ హీటరే వేడెక్కదు, ఒక దశ దాటాక హెచ్.టి. ఒక్క ఊపున వస్తుంది. కండెన్సరుని సెట్టు నుంచి విడదీసి, బయటి డీసీ సప్లై నుంచి 47 కిలోఓముల 5 వాట్ల రెసిస్టరు గుండా నింపాలి. రెసిస్టరు మీద 47 వోల్టులు పడితే ఒక మిల్లీఆంపియర్ లీకవుతున్నట్టు. పూర్తి వోల్టేజి దగ్గర కొన్ని గంటల తరవాత కూడా దానికన్నా కిందకి దిగకపోతే పారేయడం మేలు. దిగినా కెపాసిటీ కొలిచాకే నమ్మాలి. రోజూ వినే రేడియోకి ఇంత శ్రమ దండగ.

అసలు హంతకుడు

ఈబీసీ81 యానోడు నుంచి ఈఎల్84 గ్రిడ్డుకి వెళ్లే 0.01 లేదా 0.022 మైక్రోఫారడ్ల కాగితపు కండెన్సరు పవర్ సప్లైలో భాగం కాదు. కానీ పవర్ సప్లైని ఎక్కువగా చంపేది అదే. కాగితం చెమ్మ పీల్చి లీకైతే గ్రిడ్డుకి పాజిటివ్ వోల్టేజి చేరుతుంది, ఈఎల్84 కరెంటు 80, 100 మిల్లీఆంపియర్లకి ఎక్కుతుంది. ఈజెడ్80 మొత్తం సామర్థ్యాన్ని ఈ ఒక్క వాల్వే తాగేస్తుంది. యానోడు ఎర్రగా కాలుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ మైనం కారుతుంది. దీన్ని వదిలేసి ఎన్ని రెక్టిఫయర్లు మార్చినా కొన్నాళ్లకి మళ్లీ అదే మరమ్మతు.

పరీక్ష సులువు. సెట్టు వేడెక్కాక ఈఎల్84 2వ పిన్ను మీద వోల్టేజి చూడాలి. క్యాథోడ్ బయాస్ ఉన్న సెట్లో (బయాస్ క్యాథోడు రెసిస్టరు మీద పుట్టే సెట్లో) అది సున్నా ఉండాలి. వాల్వు పీకి మళ్లీ చూసినా అర వోల్టు, ఒక వోల్టు కనపడితే కండెన్సరు పోయినట్టే. 680 కిలోఓముల గ్రిడ్ రెసిస్టరు మీద ఒక్క వోల్టు అంటే ఒకటిన్నర మైక్రోఆంపియర్ల లీకేజీ, అది చాలు వాల్వు బయాస్ చెడడానికి. దాన్ని కొలవకుండానే 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సరుతో మార్చేయడం ఇంకా సులువు. తరవాత క్యాథోడు రెసిస్టరు 135 ఓముల మీద ఏడు వోల్టులకి కాస్త అటూ ఇటూ ఉందా చూసుకోవాలి. 7.3 వోల్టులంటే సుమారు 54 మిల్లీఆంపియర్లు. పదకొండు, పన్నెండు వోల్టులు ఉంటే సెట్టు ఆపేయాలి.

రెక్టిఫయర్ చోట డయోడు

ఈజెడ్80 దొరక్కపోతే 1ఎన్4007 సిలికాన్ డయోడులు పెట్టే అలవాటు ఉంది. బేసులో 1వ పిన్ను నుంచి 3కి ఒకటి, 7 నుంచి 3కి ఒకటి, గీత ఉన్న కొస 3వ పిన్ను వైపు. పని చేస్తుంది. మూడు మార్పులు మాత్రం వెంట వస్తాయి. వాల్వు తన లోపల ఇరవై వోల్టుల దాకా తినేసేది, డయోడు ఒక వోల్టే తింటుంది, కాబట్టి హెచ్.టి. పెరుగుతుంది. వాల్వు వేడెక్కడానికి పదిహేను ఇరవై సెకన్లు పట్టేది, ఈలోగా మిగతావి కూడా సిద్ధమయ్యేవి. డయోడు స్విచ్చి వేసిన క్షణమే వోల్టేజి ఇస్తుంది, లాగే వాల్వు ఏదీ వేడెక్కి ఉండదు కాబట్టి 250–0–250 వైండింగు మీద కండెన్సర్లకి 353 వోల్టుల శిఖరం పడుతుంది. లైన్లో 250 ఉన్న రాత్రి అది 384. పాత 350 వోల్టుల కండెన్సర్లు ఉంచి డయోడులు పెట్టడం అంటే బాంబు పెట్టడమే. మూడోది, ఒక్కో డయోడు మీద తిరుగు వోల్టేజి శిఖరం 700 దాటుతుంది. 1ఎన్4007 హద్దు 1000 అయినా ఉరుములు, లైను కుదుపులు లెక్కేసుకుంటే ఒక్కో వైపు రెండు వరసలో పెట్టడం నయం.

ఒక్కో వైపు డయోడులకి వరసలో 100 నుంచి 150 ఓముల 5 వాట్ల వైరువౌండ్ రెసిస్టరు పెట్టి, లోడు మీద హెచ్.టి. సర్క్యూట్ కాగితం చెప్పిన అంకెకి దగ్గర్లో వచ్చేదాకా సవరించాలి. డయోడుల గొలుసు షార్టయితే సెట్టుని కాపాడేది ఫ్యూజు ఒక్కటే. మధ్య ట్యాపుకీ ఛాసిస్‌కీ మధ్య 200 మిల్లీఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజు పెట్టాలి, వాల్వు ఉన్న సెట్లోనైనా సరే. కంపెనీలు ఎందుకు పెట్టలేదో గానీ, చాలా ట్రాన్స్‌ఫార్మర్లు ఆ ఒక్క ఫ్యూజు లేకే పోయాయి.

సెలీనియం రెక్టిఫయర్ పలకలున్న సెట్లో అది కాలితే కుళ్లు ముల్లంగి వాసన వస్తుంది. ఆ పొగ విషం. కిటికీలు తీసి బయటికి వచ్చాకే మిగతా సంగతి.

ట్రాన్స్‌ఫార్మర్ రీవైండింగ్

వైండింగు షాపుకి ఇచ్చేటప్పుడు '250–0–250, 80 మిల్లీఆంపియర్లు' అని హెచ్.టి. లెక్క చెప్పి హీటర్ల లెక్క మరిచిపోతుంటారు. ఈసీహెచ్81కి 0.3, ఈఎఫ్89కి 0.2, ఈబీసీ81కి 0.23, ఈఎల్84కి 0.76, ఈజెడ్80కి 0.6, రెండు డయల్ దీపాలకి 0.6. మొత్తం 2.69 ఆంపియర్లు. 6.3 వోల్టుల వైండింగుని మూడున్నర ఆంపియర్లకి చుట్టమనాలి. ప్రైమరీ 240 వోల్టులకి చుట్టించడం ఇప్పటి లైన్లకి తగ్గట్టు ఉంటుంది.

హెచ్.టి. వైండింగు మాత్రం పాత గేజి తీగతోనే చుట్టమనాలి. ఈజెడ్80కి 250 వోల్టుల దగ్గర ఒక్కో యానోడు దారిలో సుమారు 125 ఓముల కనీస నిరోధం ఉండాలి, అది వైండింగు నుంచే రావాలని పాతవాళ్ల లెక్క. మంచి మనసుతో లావుతీగ చుట్టే మేస్త్రీ తెలియకుండానే ఆ రక్షణ తీసేస్తాడు. అప్పుడు యానోడుల దగ్గర విడిగా రెసిస్టర్లు పెట్టాల్సి వస్తుంది.

ఏసీ/డీసీ సెట్లు

ఇవి ఏసీ, డీసీ లైన్లు రెండింటి మీదా నడిచే సెట్లు. వీటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. యూసీహెచ్81, యూబీఎఫ్89, యూసీఎల్82, యూవై85 హీటర్లు వరసగా కట్టి, మిగిలిన వోల్టేజిని డ్రాపర్ రెసిస్టరులో కాలుస్తారు. ఛాసిస్ నేరుగా మెయిన్స్ వైరుకి కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ మొత్తం ఫేజు. నాబు స్క్రూల గుంటల్లో మైనం నింపి ఉండేది అందుకే, వేలికి స్క్రూ తగలకుండా. మరమ్మతు అయ్యాక ఆ మైనం మళ్లీ పెట్టాలి. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేనివాళ్లు ఈ రకం సెట్టుని తెరవకపోవడమే మంచిది.

హీటర్ల లెక్క 19 + 19 + 50 + 38, మొత్తం 126 వోల్టులు, కరెంటు 0.1 ఆంపియరు. 230లో మిగిలిన 104 వోల్టులకి 1040 ఓములు, పదిన్నర వాట్ల వేడి. డ్రాపరు తెగితే 1000 ఓముల 20 వాట్లది పెట్టొచ్చు, క్యాబినెట్‌కి దూరంగా. వేడి వద్దనుకుంటే కండెన్సరు డ్రాపరు: 100 ఓముల 3 వాట్ల రెసిస్టరుతో వరసలో 1.5, 0.22 కలిపి 1.72 మైక్రోఫారడ్ల ఎక్స్2 రకం (మెయిన్స్ మీద పెట్టడానికే చేసిన భద్రతా రకం), 275 వోల్టుల ఏసీది. దాని మీద 470 కిలోఓముల డిశ్చార్జి రెసిస్టరు తప్పనిసరి. చల్లగా ఉన్న హీటర్ల మీద ప్రారంభపు కరెంటు సుమారు 0.12 ఆంపియరు దగ్గరే ఆగడం దీని లాభం. 1ఎన్4007 ఒక్కటి హీటర్ల వరసలో పెట్టి సగం తరంగం తీసేసే చిట్కా కూడా ఉంది. ఆ డయోడు షార్టయిన రోజు నాలుగు వాల్వులూ ఒకేసారి పోతాయి కాబట్టి అది ఒద్దు.

ఏ రకం సెట్లోనైనా మెయిన్స్ రెండు వైర్ల మధ్య ఉన్న పాత కాగితపు కండెన్సరుకి బదులు ఎక్స్2, మెయిన్స్ నుంచి ఛాసిస్‌కి ఉన్నదానికి బదులు 4.7 నానోఫారడ్లు మించని వై2 రకం పెట్టాలి. ఏరియల్ సాకెట్టు దగ్గరి ఐసోలేషన్ కండెన్సరు కూడా వై రకమే.

మొదటి స్విచ్చి

కొత్త కండెన్సర్ల ప్లస్, మైనస్ మరోసారి చూసి, సిరీస్ బల్బుని 100 వాట్లది చేసి స్విచ్చి వేయాలి. బల్బు మొదట వెలిగి, తగ్గి, వాల్వులు వేడెక్కాక కొంచెం పుంజుకుని నిలవాలి. తగ్గాక మళ్లీ నిండుగా పెరుగుతూ పోతే ఆపేయాలి. అంతా బాగుంటే బల్బు తీసేసి, 500 మిల్లీఆంపియర్ల స్లో బ్లో మెయిన్స్ ఫ్యూజుతో అరగంట నడిపి, హెచ్.టి., ఈఎల్84 క్యాథోడు వోల్టేజి, హీటరు వోల్టేజి కొలిచి రాసుకోవాలి. ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి ఆనించి పది సెకన్లు ఉంచగలిగితే చాలు, అసలు వేడెక్కకూడదనేం లేదు.

కట్టేశాక కండెన్సర్లని స్క్రూడ్రైవరుతో షార్టు చేయకుండా 10 కిలోఓముల 5 వాట్ల రెసిస్టరుతో అయిదారు సెకన్లు ఖాళీ చేయాలి. మార్చిన భాగాల విలువలు, తేదీ, కొలిచిన మూడు వోల్టేజిలు ఒక చీటీ మీద రాసి వెనక మూత లోపలి వైపు అతికిస్తే, మళ్లీ మోత వచ్చినప్పుడు ఆ సెట్టు తెరిచేవాళ్లకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.